ఫోరామినిఫెరా జాతుల్ని గుల్ల చూసి చెప్పడం ఇంకా చెల్లుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిలో ఫోరామినిఫెరా గుల్లలు ఏరి, ఆకారాన్ని బట్టి జాతులుగా లెక్కపెడుతున్నారు. ఇంతలో ఒక సెమినార్‌లో ఎవరో "డీఎన్ఏ వచ్చాక గుల్లల వర్గీకరణ అంతా పాతబడిపోయింది, మీరు ఒక జాతి అనుకునేది నిజానికి నాలుగైదు జాతులు" అన్నారు. అలాగైతే మీ లెక్కలకు విలువ ఉందా అని అడిగారు.

ఉంది. ఆ మాట అన్నవారు సగం నిజమే చెప్పారు. జన్యువులు గుల్లను కొట్టిపారేయలేదు. గుల్ల మీద కనబడే లక్షణాల్లో వంశం నుంచి వచ్చినవేవో, వయసు వల్లా నీటి వల్లా వచ్చినవేవో విడదీసి చూపించాయి. మనం ఎంతో ముఖ్యమనుకున్న కొన్ని లక్షణాలకు విలువ లేదని తేలింది. పెద్దగా పట్టించుకోని కొన్ని లక్షణాలు జాతుల మధ్య సరిహద్దులని తేలింది. రెంటికీ ఉదాహరణలు మీ ట్రేలోనే దొరుకుతాయి, కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

ఈ సమాధానం చదివే మిగతావారి కోసం ముందు జీవి గురించి కొంచెం. ఫోరామినిఫెరా ఏకకణ జీవులు. సముద్రంలో తేలుతూ బతికే రకాలు కాల్షియం కార్బొనేట్‌తో గుల్ల కట్టుకుంటాయి. ఒక గది కట్టి, దాని పక్కన ఇంకొంచెం పెద్ద గది కట్టి, అలా చుట్టు తిరుగుతూ పెరుగుతాయి. చాలావాటి పరిమాణం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. పునరుత్పత్తి అయ్యాక ఖాళీ గుల్ల మెల్లగా అడుగుకు దిగుతుంది. మహాసముద్రాల అడుగున వేల కిలోమీటర్ల మేర పరుచుకున్న తెల్లటి సున్నపు బురదలో ప్రధాన భాగం ఇవే. అడుగున పాకుతూ బతికే రకాలు వేల సంఖ్యలో ఉన్నా, తేలే రకాల్లో ఈనాడు బతికున్నవి సుమారు 50 జాతులే. ఇంత తక్కువ సంఖ్య చూసే, వర్గీకరణ తేలిక అని చాలామంది అనుకుంటారు.

ఈ జాతుల్లో చాలావాటికి పేర్లు ఖాళీ గుల్లలు చూసి పెట్టినవే. ఫ్రెంచి శాస్త్రవేత్త అల్సీడ్ డోర్బిన్యీ 1826లో వీటిని వర్గీకరించినప్పుడు, లోపలి జీవి ఆక్టోపస్, నాటిలస్‌ల బంధువు అనుకున్నాడు. గదులు గదులుగా చుట్టుకున్న గుల్ల నాటిలస్ గుల్లలాగే ఉంటుంది మరి. 1835లో ఫెలిక్స్ డుజార్డిన్ బతికున్నవాటిని గమనించి, అవి అతి సరళమైన జీవులని చూపించాడు. అంటే ఆకారాన్ని నమ్మి వంశం చెప్పడంలో ఉన్న ప్రమాదం ఈ శాస్త్రం పుట్టినరోజు నుంచే ఉంది. 1872 నుంచి 1876 వరకు ప్రపంచం చుట్టిన చాలెంజర్ ఓడ తెచ్చిన నమూనాల మీద హెన్రీ బౌమన్ బ్రేడీ 1884లో అచ్చువేసిన నివేదికలోని బొమ్మల్ని మనం ఇప్పటికీ తెరిచి చూస్తాం. ఆ తర్వాత చమురు అన్వేషణ వచ్చింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో బావి తవ్వినా, మెక్సికో సింధుశాఖలో తవ్వినా, బయటికొచ్చిన రాతి ముక్కల వయసు చెప్పడానికి ఈ గుల్లలే ఆధారం. పాత సముద్రాల ఉష్ణోగ్రత, రుతుపవనాల చరిత్ర, మంచుయుగాల కాలక్రమం కూడా చాలావరకు వీటి మీదే నిలబడ్డాయి. అందుకే జాతి ఏదన్న ప్రశ్న ఇక్కడ కేవలం పేరుకు సంబంధించింది కాదు. రెండు జాతుల్ని కలిపేసి కొలిస్తే రెండు వేరే లోతుల, రెండు వేరే ఉష్ణోగ్రతల సగటు వస్తుంది. ఆ సగటు సముద్రంలో ఎక్కడా ఉండకపోవచ్చు.

1990ల మధ్య నుంచి కేట్ డార్లింగ్, క్రిస్టఫర్ వేడ్, కొలంబాన్ డి వర్గాస్ వంటి శాస్త్రవేత్తలు బతికున్న ఫోరామ్‌ల (ఫోరామినిఫెరాల) నుంచి డీఎన్ఏ తీయడం మొదలుపెట్టారు. పని ఎంత సున్నితమో చెప్పాలి. వల లాగి పైకి తెచ్చిన నీటిలోంచి ఒక్కో జీవిని కుంచెతో ఏరాలి. దాని గుల్ల మీది సన్నటి ముళ్లకు అంటుకున్న చెత్తను తుడవాలి. ఫొటో తీయాలి. ఆ ఒక్క కణం నుంచే డీఎన్ఏ రాబట్టాలి. వీటిలో చాలావాటిని ప్రయోగశాలలో తరతరాలుగా పెంచడం సాధ్యపడలేదు కాబట్టి బాక్టీరియాలాగా కోట్ల కణాలు కూడబెట్టుకునే వీలు లేదు. చదివేది ఎక్కువగా ఒకే జన్యువు, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ చిన్న భాగానికి సంబంధించినది, అందులోనూ చివరి వెయ్యి అక్షరాల చిల్లర ముక్క. ఆ ముక్కే ఎంతో తేడా చూపించింది. గుల్ల బట్టి ఒకే జాతి అనుకున్న చాలావాటిలో రెండు, మూడు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ జన్యు రకాలు బయటపడ్డాయి. మీరు సెమినార్‌లో విన్న మాటకు మూలం ఇదే.

ఇక ఒక్కో కథకూ వస్తాను. అన్నింటికంటే బాగా తేలినది ధ్రువ ప్రాంతాల జీవి నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మాది. గుండ్రటి, మందపాటి చిన్న గుల్ల, చివరి చుట్టులో నాలుగు గదుల చిల్లర. గుల్లను చుట్టు కనబడే వైపు పైకి పెట్టి చూస్తే, కొన్నింటిలో గదులు గడియారం ముల్లు తిరిగే దిశలో పెరుగుతాయి, కొన్నింటిలో ఎదురు దిశలో. మొదటివి కుడి చుట్టువి, రెండోవి ఎడమ చుట్టువి. బాగా చల్లటి ధ్రువ జలాల్లో దాదాపు అన్నీ ఎడమ చుట్టువే. కాస్త వెచ్చటి నీటిలోకి వస్తే కుడి చుట్టువి పెరుగుతాయి. 1959లో డేవిడ్ ఎరిక్సన్ ఈ నిష్పత్తిని పాత వాతావరణానికి కొలమానంగా వాడొచ్చని ప్రతిపాదించాడు. ఆ తర్వాత ఉత్తర అట్లాంటిక్ మంచుయుగ చరిత్ర చాలావరకు ఎడమ చుట్టువి శాతం ఎంతో లెక్కపెట్టి రాసినదే. అప్పటి వివరణ ఏమిటంటే, ఇది ఒకే జాతి, చలి పెరిగితే ఎడమకు చుట్టుకుంటుంది, వేడి పెరిగితే కుడికి చుట్టుకుంటుంది.

జన్యువులు వేరే మాట చెప్పాయి. ఎడమ చుట్టువీ కుడి చుట్టువీ రెండు వేరు జాతులు. విడిపోయి లక్షల ఏళ్లు దాటింది. నీటి వేడికి తగ్గట్టు ఏ జీవీ తన చుట్టు దిశ మార్చుకోవడం లేదు, ఒక జాతి వెనక్కి తగ్గుతుంటే ఇంకొక జాతి ఆ చోటికి వస్తోంది. అయితే ఇందులో చిన్న మెలిక ఉంది. ఈ రెండు జాతుల్లోనూ కొద్ది శాతం గుల్లలు ఎదురు దిశలో చుట్టుకుంటాయి, మూడు శాతానికి లోపే. ధ్రువ జలాల్లో కనబడే ఆ కొద్ది కుడి చుట్టువి, వెచ్చటి జాతి నుంచి కొట్టుకొచ్చినవి కావు, ధ్రువ జాతిలోనే పుట్టిన ఎదురు చుట్టువి. 2006లో డార్లింగ్ బృందం ఇదంతా కూడగట్టి, కుడి చుట్టు జాతికి చిఫెల్లి 1961లో పెట్టిన ఇన్‌కాంప్టా అనే పాత పేరును స్థిరం చేసింది. అంటే ఎప్పుడో గుల్ల చూసి ఒకరు వేరు పేరు పెట్టారు. తర్వాతివారు దాన్ని కలిపేశారు. జన్యువు వచ్చి మళ్లీ విడదీసింది. ఇక్కడ ఓడిపోయింది గుల్ల కాదని గమనించండి. గుల్ల తేడా మొదటి నుంచీ చూపిస్తూనే ఉంది. ఆ తేడాకు మనం చెప్పుకున్న కారణం మాత్రం నిలవలేదు.

పాకిడెర్మా లోపల కూడా రకాలున్నాయి. ఆర్కిటిక్, ఉత్తర అట్లాంటిక్ వాటి జన్యు రకం ఒకటి, అంటార్కిటికా చుట్టూ ఉన్నవి వేరు. నైరుతి ఆఫ్రికా తీరంలో అడుగు నీళ్లు పైకి ఉబికే బెంగ్వేలా ప్రాంతంలో ఉన్నవి ఇంకొక రకం. ఇక్కడి నీరు ధ్రువ జలాలంత చల్లగా ఉండదు. అందుకే ఉత్తర అట్లాంటిక్‌లో తయారుచేసిన ఉష్ణోగ్రత సూత్రాన్ని తెచ్చి బెంగ్వేలా మట్టికి తగిలిస్తే జవాబు తప్పుతుంది. 2002లో మిహాల్ కుచెరా, డార్లింగ్ కలిసి రాసిన పరిశోధనలో తేలింది కూడా ఇదే: దాగి ఉన్న రకాల్ని లెక్కలోకి తీసుకుంటే పాత ఉష్ణోగ్రతల అంచనా మెరుగవుతుంది.

దీన్ని చదివి, అయితే చుట్టు దిశ అన్ని జాతుల్లోనూ జాతి గుర్తే అనుకుంటే చిక్కు. గ్లోబోరొటాలియా ట్రంకాటులినాయిడిస్ అని శంకువులా ఉండే లోతునీటి జీవి ఉంది. అందులోనూ కుడి ఎడమ రెండూ ఉన్నాయి. అందులోనూ అనేక జన్యు రకాలున్నాయి. కానీ యూరికా ఉజీయే బృందం 2010లో చూపించినట్టు, ఒకే జన్యు రకంలో కుడి చుట్టువీ ఎడమ చుట్టువీ కలిసి ఉన్నాయి. ఒక చోట జాతుల్ని విడదీసిన లక్షణమే ఇంకొక చోట ఏమీ విడదీయలేదు. ఒక లక్షణం విలువను ప్రతి వంశంలోనూ విడిగా పరీక్షించుకోవాల్సిందే, ఒకచోట నేర్చుకున్నది ఇంకొకచోటికి మోసుకుపోకూడదు.

సెమినార్‌లో మీకు చెప్పని సగం ఇప్పుడు వస్తుంది. జన్యువులు ఎప్పుడూ విడదీస్తూనే పోలేదు, కలిపాయి కూడా. ట్రైలోబాటస్ సాక్యులిఫర్ మీ బంగాళాఖాతం నమూనాల్లో కోకొల్లలుగా ఉంటుంది. కొన్ని గుల్లల చివరి గది చిన్న సంచిలా సాగి ఉంటుంది, కొన్నింటిలో ఆ సంచి అసలుండదు. కొన్నింటి చివరి గది ముందు గదులకంటే పెద్దది, కొన్నింటిలో చిన్నది. వీటిని పట్టుకుని ట్రైలోబస్, ఇమ్మాట్యూరస్, క్వాడ్రిలోబాటస్, సాక్యులిఫర్ అని నాలుగు పేర్లు వాడుకలోకి వచ్చాయి. 2013లో ఓరోర్ ఆండ్రే బృందం వేర్వేరు సముద్రాల నుంచి తెచ్చిన ఈ నాలుగు రూపాలనూ పోల్చి చూస్తే, వాటి మధ్య జన్యుపరంగా తేడాయే లేదు. ఒకే జాతి. సంచిలాంటి చివరి గది చాలావాటిలో పునరుత్పత్తికి ముందు కట్టుకునేదే. పైకి ఇంత రంగురంగుల వైవిధ్యం చూపించే జాతి లోపల ఒకటిగా ఉంది, పైకి ఒకేలా ఉండే పాకిడెర్మా లోపల ముక్కలై ఉంది. ఒకే బంగినపల్లి చెట్టు నీళ్లు తక్కువైన ఏడాది చిన్న కాయలు కాస్తే దాన్ని కొత్త రకం అని ఎవరూ అనరు, ఎందుకంటే చెట్టు మన కళ్లముందే ఉంది. మనకు సముద్రం అడుగున దొరికేది కాయ ఒక్కటే. చెట్టును చూపించింది జన్యువు.

వయసు వల్ల వచ్చే తేడా ఎంత మోసం చేయగలదో సున్నపు పలకల నాచు జీవుల్లో, అంటే కోకోలిథోఫోర్లలో, ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. క్రిస్టలోలిథస్ హయాలినస్ అని వేరు ప్రజాతిలో పెట్టిన జీవి, కోకోలిథస్ పెలాజికస్ జీవితచక్రంలోనే ఒక దశ అని 1960లో మేరీ పార్క్, ఐరీన్ ఆడమ్స్ సాగు చేసి చూపించారు. రెండు దశల్లోనూ పలకల నిర్మాణమే వేరు. డీఎన్ఏ అవసరం కూడా పడలేదు, ఓపికగా పెంచి చూస్తే చాలింది.

ఇప్పుడు మీకు నేరుగా పనికొచ్చేది, గ్లోబిజెరినాయిడిస్ రూబర్. బంగాళాఖాతంలో పని చేసే వారెవరైనా దీని మీదే ఆధారపడతారు. ఇది ఉపరితలానికి దగ్గరగా బతుకుతుంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర కలిపి పోసే మంచినీళ్ల వల్ల ఉపరితల ఉప్పదనం ఎలా మారిందో దీని గుల్లలోని ఆక్సిజన్ ఐసోటోపులూ (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు), నీటి వేడిని చెప్పే మెగ్నీషియం కాల్షియం నిష్పత్తీ కలిపి చదివి చెబుతాం. అంటే ఒక రుతుపవన చరిత్ర మొత్తం మీరు కుంచెతో ఏరే ఈ చిన్న గుల్లల మీద ఉంటుంది.

మైక్రోస్కోప్ కింద చూడండి. చివరి చుట్టులో మూడు గదులు. ముందు రెండు గదులు కలిసే అతుకు మీద, మధ్యలో, విల్లులా వంగిన ముఖరంధ్రం, అంటే గుల్ల నోరు. వెనక వైపు ఇంకో రెండు చిన్న రంధ్రాలు. ఇంతవరకు అన్నీ ఒకటే. ఇంకాస్త నిదానంగా, కుంచె కొనతో గుల్లను అటూ ఇటూ దొర్లిస్తూ చూస్తే రెండు రూపాలు కనబడతాయి. ఒకదానిలో గదులు నిండుగా గుండ్రంగా ఉంటాయి, ముఖరంధ్రం పెద్దది, ఎత్తుగా ఉంటుంది. రెండోదానిలో గదులు కొంచెం నొక్కినట్టు, ముఖ్యంగా చివరి గది చదునుగా ఉంటుంది, ముఖరంధ్రం చిన్నది. 2000లో దక్షిణ చైనా సముద్రం మట్టి మీద పనిచేసిన లూయెజియాంగ్ వాంగ్ ఈ రెంటినీ వేరు చేసి కొలిస్తే, గుండ్రటివి పై నీటిలో, నొక్కినట్టున్నవి కాస్త లోతు నీటిలో పెరిగినట్టు ఐసోటోపులు చూపించాయి. అప్పటికింకా అవి ఒకే జాతిలో రెండు రూపాలనే అనుకున్నారు. 2011లో రాల్ఫ్ ఔరాస్ బృందం జన్యువులతో చూస్తే, నొక్కినట్టున్న రూపం అసలు రూబరే కాదు. దాని దగ్గరి బంధువు గ్లోబిజెరినాయిడిస్ కాంగ్లోబాటస్. ఆకారంలో ఏమాత్రం పోలిక లేని బరువైన పెద్ద గుల్ల అది. దానితో పక్కన పెట్టి చూస్తే ఎవరికీ ఆ చుట్టరికం తట్టదు. కొత్త పేరు వెతకాల్సిన పని కూడా లేకపోయింది. డోర్బిన్యీ 1826లోనే ఎలొంగాటస్ అని పేరు పెట్టి ఉంచాడు.

తెల్ల రూబర్, గులాబీ రూబర్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అట్లాంటిక్‌లో గులాబీ రంగు గుల్లలు ఇప్పటికీ ఉన్నాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో అవి సుమారు 1,20,000 ఏళ్ల కిందట కనుమరుగయ్యాయి. అందుకే సముద్రం అడుగు నుంచి నిలువుగా తీసిన మీ మట్టి స్తంభంలో కిందకు దిగుతూ పోతే ఒక చోట గులాబీ గుల్లలు మొదలవుతాయి. వయసు గుర్తుగా అది బంగాళాఖాతంలో చాలా విలువైన గీత. చాలాకాలం పాటు ఈ రంగు నీటి పరిస్థితి వల్ల వచ్చిందా, వంశం వల్ల వచ్చిందా అని వాదనలు నడిచాయి. జన్యువులు చూస్తే గులాబీ, తెలుపు కూడా వేరు వంశాలే. 2019లో రాఫాయెల్ మోరార్డ్ బృందం తెల్లదానికి ఆల్బస్ అని ఉపజాతి పేరు పెట్టింది. రంగు అనే లక్షణం మీద ఎవరికీ పెద్ద నమ్మకం ఉండేది కాదు, శిలాజాల్లో అది వెలిసిపోతుంది కూడా. అదే నిలబడింది.

అరేబియా సముద్రం మీద పనిచేసేవారికి గ్లోబిజెరినా బులాయిడిస్ ఇలాంటిదే. పుస్తకాలు దాన్ని చల్లటి నీటి జీవి అంటాయి. ఒమన్ తీరంలో నైరుతి రుతుపవనాలకు అడుగు నీళ్లు పైకి ఉబికినప్పుడు మాత్రం అది విరగబడి పెరుగుతుంది, అందుకే రుతుపవన బలానికి దాన్ని కొలమానంగా వాడతారు. ఉష్ణమండలంలో దీని పని ఏమిటన్న సందేహానికి జన్యువులు దారి చూపాయి: వెచ్చటి నీటి రకాలు వేరు, సమశీతల, ధ్రువ జలాల రకాలు వేరు. మన వైపు కొలమానాన్ని మన వైపు నీటితోనే సరిచూసుకోవాలన్నది దీని నుంచి నేరుగా వచ్చే పాఠం.

ఇన్ని తేడాలు చెప్పాను కాబట్టి గుల్ల వర్గీకరణ పునాది కదిలిపోయిందనుకోవద్దు. 1960ల నుంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గోడ నిర్మాణం చూడటం మొదలయ్యాక తేలే ఫోరామ్‌లను మూడు పెద్ద గుంపులుగా విడదీశారు: సన్నటి పొడవాటి ముళ్లున్నవి, ముళ్లు లేనివి, అతి సూక్ష్మ రంధ్రాల గోడ ఉన్నవి. జన్యువుల వంశవృక్షం వచ్చాక మొదటి రెండు గుంపులూ బాగానే నిలబడ్డాయి. గది ఆకారం, గదుల సంఖ్య, చుట్టు ఎత్తు సులువుగా మారిపోతాయి. గోడ కట్టే తీరు, ముళ్లు నాటుకునే తీరు, రంధ్రాల పరిమాణం మాత్రం వంశాన్ని చాలా నమ్మకంగా మోస్తాయి. ఆర్బులినా యూనివర్సా పెద్దయ్యాక నున్నటి గోళంలా ఒకే గది కనబడుతుంది. ఆకారం చూసి చెప్పడానికి అందులో ఏమీ లేదు. దానిలో మూడు జన్యు రకాలున్నాయి, వాటిని కొంతవరకైనా పట్టించేది గోడ మీది రంధ్రాల తీరు.

మూడో గుంపు కథ వేరు. స్ట్రెప్టోకైలస్ గ్లోబిజెరస్ అని రెండు వరుసల గదులుండే చిన్న తేలే రకం ఉంది. 2009లో డార్లింగ్ బృందం అరేబియా సముద్రం నడిమధ్య ఉపరితలంలో దొరికిన దాని డీఎన్ఏ చదివితే, అడుగున పాకే బొలివినా వేరియాబిలిస్ డీఎన్ఏతో కలిసిపోయింది. రెండూ ఒకే జాతి. వేరు ప్రజాతులు, వేరు గుంపులుగా పుస్తకాల్లో ఉన్నవి ఒకటే జీవి. అది కొట్టుకొచ్చి చచ్చిపోతున్నది కాదు, ఉపరితలంలోనే గుల్ల పెంచుకుంటోందని గుల్ల రసాయనం కూడా చెప్పింది. 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనం తర్వాత తేలే ఫోరామ్‌లు మళ్లీ ఎలా పుంజుకున్నాయన్న ప్రశ్నకు ఇది కొత్త దారి తెరిచింది. నాకు ఈ మొత్తం రంగంలో అన్నింటికంటే నచ్చిన ఫలితం ఇదే, ఎందుకంటే ఇది ఒక పేరును సరిచేయడంతో ఆగలేదు, ఈ జీవులు అడుగుకూ ఉపరితలానికీ మధ్య తిరుగుతాయన్న కొత్త విషయం నేర్పింది.

జన్యువును మాత్రం తుది తీర్పుగా తీసుకోవద్దు. ముందే చెప్పినట్టు చదివేది ఎక్కువగా ఒక్క జన్యువే. అది ఒక్కో కణంలో ఎన్నో ప్రతులుగా ఉంటుంది, ఆ ప్రతులన్నీ అక్షరం అక్షరం ఒకేలా ఉండకపోవచ్చు. ఒకే జీవి లోపలి తేడాను రెండు జాతుల తేడాగా పొరబడే అవకాశం ఉంది. పైగా ఈ జన్యువు అన్ని వంశాల్లో ఒకే వేగంతో మారదు. ముళ్లున్న గుంపులో వేగంగా మారుతుంది, ముళ్లు లేని గుంపులో నిదానంగా. అందువల్ల ఇన్ని అక్షరాలు తేడా ఉంటే వేరు జాతి అని ఒక గీత గీయలేం. 2014లో ఆండ్రే బృందం అప్పటివరకు ప్రకటించిన జన్యు రకాలన్నింటినీ గణాంక పద్ధతులతో మళ్లీ పరీక్షిస్తే, కొన్ని చోట్ల అనవసరంగా ముక్కలు చేశారని తేలింది. రెండు రకాలు కలిసి సంతానం కనగలవా అని చూడాలంటే సాగు చేయాలి, చాలావాటిలో అది కుదరడం లేదు. లక్షల ఏళ్ల నాటి గుల్లలో చదవడానికి డీఎన్ఏ మిగలదు. మీరు నిలబడే చోట గుల్ల ఒక్కటే సాక్షి, అది మారదు.

అందుకే ఇక్కడ మంచి పరిశోధన అంటే నా దృష్టిలో ఒక్కటే: బతికున్న ఒకే జీవి గుల్లనూ జన్యువునూ జతగా చదివి, ఏ గుల్ల లక్షణం నమ్మదగిందో తేల్చి, దాన్ని శిలాజాల దగ్గరికి తీసుకెళ్లడం. గుల్ల కరిగిపోకుండా డీఎన్ఏ తీసే ద్రావణాలు వచ్చాక ఇది సాధ్యమైంది. అంతకుముందు డీఎన్ఏ తీస్తే చాలాసార్లు గుల్ల పోయేది, మిగిలేది ఒక ఫొటో, దాని పక్కన ఒక పేరు.

మీ ట్రే విషయానికొస్తే, రూబర్‌లో గుండ్రటివీ ఎలొంగాటస్‌వీ వేరు వేరుగా ఏరండి. రెంటినీ కలిపి ఒక సీసాలో వేసి ఐసోటోపులకు పంపితే తర్వాత విడదీయలేరు. అనుమానం ఉన్నవాటిని బలవంతంగా ఏదో ఒక వైపు తోయకుండా మూడో గడిలో పెట్టండి. గులాబీ గుల్లలు కనబడిన లోతు తప్పకుండా రాసుకోండి. సాక్యులిఫర్‌ను సంచి ఉన్నవి, లేనివి అని వేరుగా లెక్కపెట్టినా ఫర్వాలేదు, కానీ ఎన్ని జాతులు ఎంతెంత ఉన్నాయో చెప్పే వైవిధ్యం సూచీలు కట్టేటప్పుడు అవి రెండు జాతులుగా లెక్కలోకి వెళ్లకూడదు. చుట్టు దిశ తేలికగా కనబడే ప్రతి జాతిలోనూ కుడి ఎడమ విడిగా రాసుకోండి, ఈ రోజు దానికి అర్థం తెలియకపోయినా రాసుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ. 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటర్ల) జల్లెడ మీద మిగిలినవే చూస్తున్నట్టయితే ఆ సంగతి ఫలితాల్లో స్పష్టంగా చెప్పండి. చిన్న గుల్లల్లో పెద్దవాటి లక్షణాలు ఇంకా ఏర్పడి ఉండవు, పరిమాణం మారితే జాతుల నిష్పత్తి మారిపోతుంది.

కొలతకు పంపే ముందు ప్రతి నమూనా నుంచి కొన్ని గుల్లల్ని ముఖరంధ్రం వైపు, చుట్టు వైపు, పక్క వైపు మూడు కోణాల్లో ఫొటో తీసి ఉంచండి. ఐసోటోప్ కొలత ఆమ్లంలో గుల్లను కరిగించేస్తుంది. ఐదేళ్ల తర్వాత బులాయిడిస్‌లోనో రూబర్‌లోనో ఇంకో గీత బయటపడితే, మీ అంకెల్ని ఆ గీత ప్రకారం మళ్లీ చదవడానికి మీ దగ్గర మిగిలేవి ఆ ఫొటోలూ, ట్రేలో కరిగించకుండా దాచిన మిగతా గుల్లలూ మాత్రమే.